సెయింట్ అగస్టీన్‌లో సెగ్వే టూర్: ఎవరికి బాగుంటుంది, ఎవరికి వద్దు

ముందే చెప్పేస్తున్నా, సెగ్వే అనే నిలబడి నడిపే రెండు చక్రాల కరెంటు బండి మీద ఊరు చూసే ఈ టూర్ నాకు బాగా నచ్చింది, అయితే అందరికీ సెట్ అవ్వదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. ఫ్లోరిడా వచ్చే మనవాళ్లు ఎక్కువమంది ఆర్లాండో పార్కులు చూసుకుని అట్నుంచి అటే మయామీ వైపు వెళ్లిపోతారు, ఆర్లాండో నుంచి సుమారు రెండు గంటల డ్రైవ్‌లో ఉన్న సెయింట్ అగస్టీన్ చాలామంది లిస్టులోనే ఉండదు. 1565లో స్పెయిన్ వాళ్లు పెట్టిన ఊరు అది, అమెరికా ప్రధాన భూభాగంలో యూరప్ వాళ్లు వచ్చి స్థిరపడి అప్పట్నుంచీ జనం ఉంటూ వస్తున్న ఊళ్లలో అదే పాతది. ఒక పక్క మటాంజస్ నది, అది దాటితే అనస్తేషియా దీవి, ఆ వెనక సముద్రం. ఊరంతా చదునుగా ఉంటుంది, గుట్టలు మెట్లు ఏం ఉండవు, సెగ్వేకి అంతకంటే ఏం కావాలి.

మాతో అత్తయ్యగారు కూడా వచ్చారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు, "మీరెళ్లండమ్మా, నేను ఆ ట్రాలీ బండిలో కూర్చుని చూస్తాలే" అన్నారు. సరే అని ఆవిడకి ట్రాలీ (ఊరంతా తిప్పి చూపించే టూరిస్టు బస్సు) టికెట్ తీసి, నేనూ మావారూ మా ఆడపడుచూ సెగ్వే తీసుకున్నాం. ఒకే రోజు ఒకే ఊరిని రెండు రకాలుగా చూసొచ్చాం కాబట్టి సాయంత్రం కూర్చుని ఏది బాగుంది అని పోల్చుకోడానికి వీలైంది. దాని సంగతి కింద చెప్తా.

ముందు ట్రైనింగ్ గురించి. టూర్ బుక్ చేసేముందు అందరూ దీనికే భయపడతారు, నిజానికి అంత భయం అక్కర్లేదు. సెగ్వేలో జైరోస్కోప్ సెన్సర్లు ఉంటాయి, మనం ఎటు ఎంత ఒరిగామో అవి సెకనుకి చాలాసార్లు కొలుస్తాయి, దాన్ని బట్టి మోటార్లు చక్రాల్ని మన కిందకి తెచ్చి నిలబెడతాయి. బ్యాలెన్స్ మనం చెయ్యక్కర్లేదు, మిషనే చేస్తుంది, మనం దానితో కొట్లాడకుండా ఉంటే చాలు. ముందుకి ఒరిగితే వెళ్తుంది, నడుం కొంచెం వెనక్కి వేస్తే ఆగుతుంది, హ్యాండిల్ ఎటు వంచితే అటు తిరుగుతుంది. మా గైడ్ ఒక ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఒక్కొక్కళ్లనీ విడిగా ఎక్కించి, రౌండ్లు కొట్టించి, కోన్ల మధ్య నుంచి తిప్పించి, అందరికీ కుదిరింది అనుకున్నాకే బయటికి తీసుకెళ్లాడు. తొందర పెట్టలేదు, దానికి ఫుల్ మార్కులు. "చక్రాలు చూడకండి, పది అడుగుల ముందుకి చూడండి, మోకాళ్లు బిగపట్టకండి" అని ఒకటే మాట పదే పదే చెప్పాడు, ఆ మాట విన్నవాళ్లకి వెంటనే కుదిరింది, కిందకి చూస్తున్నవాళ్లు మాత్రం ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉన్నారు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. మా ఆడపడుచు ఒక కాలు దించి, రెండో కాలు ఇంకా మ్యాట్ మీద ఉండగానే హ్యాండిల్ తన వైపు లాక్కుంది, మిషన్ అది వెనక్కి రమ్మన్న సైగ అనుకుని చక్రం సరిగ్గా మడమ మీదకి వచ్చింది. గైడ్ పక్కనే ఉన్నాడు కాబట్టి హ్యాండిల్ నిటారుగా పట్టేసుకున్నాడు, ఏం కాలేదు. కాబట్టి హ్యాండిల్ నిటారుగా ఉంచి, వెనక్కి ఒక్కో కాలూ దించండి, రెండు కాళ్లూ నేల మీద ఆనేదాకా దాన్ని లాగొద్దు, నెట్టొద్దు. ఇంకోటి, ఆడవాళ్లకి చెప్తున్నా, చున్నీ వేసుకుని ఎక్కకండి, వేలాడేది ఏదైనా సరే చక్రాల దగ్గర ప్రమాదం. ప్యాంటు, వెనక పట్టీ ఉన్న చెప్పులు లేదా బూట్లు, అంతే.

బరువు సంగతి కూడా తెలుసుకుని వెళ్లండి. మామూలు సెగ్వేకి మనిషి బరువు 45 నుంచి 118 కిలోల మధ్య ఉండాలి. తక్కువ బరువు ఉంటే ఏమవుతుందిలే అనుకుంటారు గానీ, మరీ తేలికైన వాళ్లు వెనక్కి ఒరిగినా మిషన్ సరిగ్గా ఆగదు, అందుకే సన్నగా ఉండే పిల్లల్ని ఎక్కించరు. గర్భంతో ఉన్నవాళ్లని కూడా వద్దంటారు. పూర్తి స్పీడు గంటకి 20 కిలోమీటర్లు, కొత్తవాళ్లకి తాబేలు మోడ్ అని ఒకటి పెడతారు, అందులో సుమారు 10 దాటదు. పాత ఊళ్లో ఆ తాబేలు మోడే ఎక్కువ, నిజంగా చెప్తున్నా.

ఇక రూటు. మాది నది గట్టు వెంబడి మొదలైంది, పొద్దున్నే నీళ్ల మీద నుంచి గాలి, ఎడమ పక్క తాళ్లు కట్టిన పడవలు, ఎదురుగా రెండు పాలరాతి సింహాలు కాపలా ఉన్న బ్రిడ్జ్ ఆఫ్ లయన్స్. 1927లో కట్టిన వంతెన అది, పెద్ద పడవ వస్తే మధ్యలో పైకి లేస్తుంది. మేం ఉన్నప్పుడే గంట మోగి గేట్లు పడ్డాయి, రెండు వైపులా కార్లు ఆగిపోయాయి, ఒక తెరచాప పడవ తీరిగ్గా దాటి వెళ్లింది. కారులో ఉంటే విసుక్కునేవాళ్లం, సెగ్వే మీద నిలబడి చూస్తుంటే ఎంత బాగుందో.

తర్వాత కాస్తియో దె సాన్ మార్కోస్ కోట. కోట ఆవరణలోకి తీసుకెళ్లలేదు, బయట రోడ్డు వైపు ఆపి చెప్పాడు, కానీ చెప్పిన తీరు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. 1668లో సముద్రపు దొంగలు ఊరి మీద పడి దోచుకుపోయారట, అప్పటిదాకా ఉన్నవన్నీ చెక్క కోటలే, దాంతో స్పెయిన్ వాళ్లకి భయం పట్టుకుని 1672లో రాతికోట మొదలుపెట్టి 1695కి పూర్తి చేశారు. ఆ రాయి పేరు కొకీనా, అనస్తేషియా దీవిలో తవ్వి తెచ్చింది, దగ్గరికెళ్లి చూస్తే మొత్తం చిన్న చిన్న గవ్వలూ ఆల్చిప్పలూ వేల ఏళ్లుగా అతుక్కుపోయి రాయిగా మారినట్టు కనిపిస్తుంది. మామూలు రాయి ఫిరంగి గుండు తగిలితే పగిలిపోతుంది, ఇది పగలదు, థర్మోకోల్‌లో గుండుసూది గుచ్చినట్టు గుండు గోడలోకి దిగి అక్కడే ఉండిపోతుంది. 1702లో ఇంగ్లీషు వాళ్లు ముట్టడించినప్పుడు ఊరి జనమంతా కోటలో దూరి సుమారు 50 రోజులు అలాగే ఉన్నారు, కోట పడలేదు, వెళ్తూ వెళ్తూ ఇంగ్లీషు వాళ్లు ఊరు మొత్తం తగలబెట్టి పోయారు. అందుకే ఊరు 1565 నాటిదైనా మనం చూసే పాత ఇళ్లన్నీ 1702 తర్వాతవే. ఈ ఒక్క ముక్క తెలిశాక ఊరు చూసే చూపే మారిపోయింది నాకు, ప్రతి గుమ్మం మీదా "ఓల్డెస్ట్" అని బోర్డు చూసినప్పుడల్లా లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను.

అక్కణ్ణించి ప్లాజా అని పిలిచే ఊరి మధ్య పార్కు, కెథడ్రల్ మీదుగా ఫ్లాగ్లర్ కాలేజీ. అది 1888లో పోన్స్ దె లియోన్ అనే హోటల్‌గా మొదలైంది, కట్టించింది హెన్రీ ఫ్లాగ్లర్, రాక్‌ఫెల్లర్‌తో కలిసి స్టాండర్డ్ ఆయిల్ అనే చమురు కంపెనీ పెట్టినాయన. చలికాలం వచ్చే ఉత్తరాది ధనవంతుల కోసం కట్టాడు, 1968 నుంచి అది కాలేజీ. ఎదురుగా ఉన్న లైట్నర్ మ్యూజియం కూడా ఆయన హోటలే, అందులో ఒకప్పుడు పెద్ద ఇండోర్ స్విమ్మింగ్ పూల్ ఉండేది, ఇప్పుడు నీళ్లు లేని ఆ పూల్ అడుగున కూర్చుని భోజనం చెయ్యొచ్చు. ఇవి బయట నుంచి చూసినవే. కాలేజీ డైనింగ్ హాల్‌లో టిఫనీ అనే కళాకారుడి రంగు అద్దాల కిటికీలున్నాయి, అవి చూడాలంటే విడిగా టూర్ తీసుకుని నడిచి వెళ్లాల్సిందే, తప్పకుండా వెళ్లండి.

ఇటుకలు పరిచిన వీధుల్లో మాత్రం కాళ్లు కాస్త అదురుతాయి, మోకాలి సమస్య ఉన్నవాళ్లకి అది ఇబ్బందే. ఫుట్‌పాత్ అంచులు ఎక్కించకూడదు, ర్యాంప్ ఉన్న చోటే ఎక్కాలి. సెయింట్ జార్జ్ స్ట్రీట్ అని ఊరికి గుండెకాయ లాంటి షాపుల వీధి నడిచేవాళ్లకి మాత్రమే, అందులోకి సెగ్వే పోదు, పక్క వీధిలోంచి చూపించి వదిలేస్తారు.

ఇప్పుడు నచ్చనివి.

మొదటిది, అన్నిటికన్నా పెద్దది, వినపడకపోవడం. వరసగా ఒకళ్ల వెనక ఒకళ్లం వెళ్లాలి కదా, గైడ్ ముందుంటాడు, నేను చివర. కదులుతూ ఆయన చెప్పేవి నా చెవిన పడలేదు, గాలి, ట్రాఫిక్, హెల్మెట్ పట్టీ చప్పుడు. ముందున్నవాళ్లు నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో తెలీదు. కొన్ని కంపెనీలు హెల్మెట్‌లో చిన్న రేడియో ఇస్తాయి, వీళ్ల దగ్గర లేదు. చెప్పే మనిషికి అంత పట్టు ఉన్నప్పుడు, ఆ మాటలు సగంమందికి చేరకపోతే ఎంత నష్టం! ఆగినప్పుడు ముందుకెళ్లి అడిగితే ఓపిగ్గా మళ్లీ చెప్పాడు, అది ఆయన మంచితనం, కంపెనీ చేసిన ఏర్పాటు కాదు.

రెండోది, మిషన్లు పాతవి. ఈ మోడల్ సెగ్వేల తయారీ 2020లోనే ఆపేశారు, కాబట్టి ఎక్కడ టూర్ తీసుకున్నా ఉన్నవాటినే రిపేర్ చేసుకుంటూ నడుపుతుంటారు. నాకిచ్చిన దాని మీద కాళ్లు పెట్టే రబ్బరు మ్యాట్ బొటనవేళ్ల దగ్గర నున్నగా అరిగిపోయింది. దాని కిందే మనిషి ఎక్కాడా లేదా అని పసిగట్టే సెన్సర్లు ఉంటాయి, తడి కాళ్లతో ఎక్కితే జారుతుంది కూడా. చెప్తే మార్చారు, గొడవ పెట్టలేదు, కానీ మనం చెప్పేదాకా చూసుకోకపోవడం ఏంటి?

మూడోది నాకు మనసులో ఉండిపోయిన సంగతి. నది గట్టు మీద ఒక పెద్ద హోటల్ దగ్గర ఆగకుండా దాటేశాం. అక్కడ ఒకప్పుడు నల్లవాళ్లని రానివ్వని మాన్సన్ మోటర్ లాడ్జ్ అనే హోటల్ ఉండేది, 1964 జూన్‌లో లోపలికి రానివ్వమని అడిగినందుకు మార్టిన్ లూథర్ కింగ్‌ని దాని గుమ్మం ముందే అరెస్ట్ చేశారు, సరిగ్గా వారానికి నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి దాని పూల్‌లో దిగితే హోటల్ మేనేజర్ నీళ్లలో యాసిడ్ పోశాడు. ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది, అదే ఏడాది జులై 2న జాతి వివక్షని నిషేధించే సివిల్ రైట్స్ చట్టం మీద సంతకం అయింది. పాత మెట్లు ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంచారు. స్పెయిన్ వాళ్ల కోటకి అంతసేపు ఇచ్చి దీనికి అర నిమిషం కూడా ఇవ్వకపోతే ఎలా? ప్లాజాలో ఆగినప్పుడు అడిగాను. గైడ్ కాసేపు ఆలోచించి, "రూట్‌లో లేదండీ, కానీ రండి" అని ప్లాజాలోనే ఉన్న ఆ ఉద్యమకారుల స్మారకం దగ్గరికి అందర్నీ తీసుకెళ్లి వివరంగా చెప్పాడు, నల్లవాళ్లు కట్టుకున్న లింకన్‌విల్ పేట గురించి కూడా చెప్పాడు. గుంపులో అందరూ దిగి మరీ విన్నారు. అంటే వినాలని జనానికి ఉంది, చెప్పడం గైడ్‌కి వచ్చు, రూట్‌లో పెట్టడమే మిగిలింది. కంపెనీకి మెయిల్ కూడా రాశాను.

ట్రాలీతో పోలిక చెప్తానన్నాను కదా. అత్తయ్యగారు నీడలో కూర్చుని ఊరి చివరిదాకా చూసొచ్చారు, స్పీకర్‌లో ప్రతి ముక్కా వినపడిందట, ఎక్కడ కావాలంటే అక్కడ దిగి మళ్లీ ఇంకో బండి ఎక్కారు. సమాచారం ఆవిడకే ఎక్కువ వచ్చింది, అది ఒప్పుకోవాలి. మాకు వచ్చింది వేరు. పాత వీధుల్లో కొకీనా గోడలని చెయ్యి చాపితే తగిలేంత దగ్గర నుంచి చూశాం, ట్రాలీ దూరలేని సన్న సందుల్లోకి వెళ్లాం, పైగా సెగ్వే మీద మనం మామూలు కంటే ఒక జానెడు ఎత్తులో ఉంటాం కదా, పెరటి గోడల మీంచి లోపలి చెట్లూ బావులూ కనిపిస్తాయి. అదే దూరం ఫ్లోరిడా ఎండలో నడిస్తే కాళ్లు పీక్కుపోయేవి. రేటు మాత్రం ట్రాలీ కంటే బాగా ఎక్కువ, పెద్దవాళ్లూ పదేళ్ల లోపు పిల్లలూ ఉన్న కుటుంబానికి ట్రాలీనే కరెక్ట్. కాలేజీ పిల్లలు, జంటలు, నడి వయసు వాళ్లు ఆరోగ్యంగా ఉంటే సెగ్వే ఎక్కండి.

ఒక సలహా, దీన్ని ఊళ్లో దిగిన మొదటి పొద్దునే పెట్టుకోండి. ఊరు మొత్తం ఎక్కడ ఏముందో బుర్రలోకి ఎక్కేస్తుంది, మిగతా సమయం నచ్చిన చోటికి తీరిగ్గా నడిచి వెళ్లొచ్చు. కోట టికెట్ పెద్దవాళ్లకి 15 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది, 15 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకి ఫ్రీ, కాబట్టి ఒక రోజు ఒకసారి, ఇంకో రోజు ఇంకోసారి వెళ్లినా మళ్లీ డబ్బులు కట్టక్కర్లేదు. ఎండాకాలం అయితే మధ్యాహ్నం స్లాట్ అస్సలు వద్దు, ఎండకి ఎండా, ఉరుముల వాన ఎప్పుడు పడుతుందో తెలీదు, తడిసిన ఇటుకల మీద సెగ్వే మంచిది కాదు. నవంబర్ మధ్య నుంచి ఊరంతా దీపాలు పెట్టే సీజన్‌లో సాయంత్రాలు జనం కిటకిటలాడిపోతారు, అప్పుడు కూడా పొద్దున్న స్లాటే తీసుకోండి.

బుక్ చేసేముందు ఫోన్ చేసి ఈ మూడు అడగండి: హెల్మెట్‌లో రేడియో ఉందా, ఒక గైడ్‌కి ఎంతమంది, 1964 నాటి చోట్ల దగ్గర ఆగుతారా. మూడోదానికి లేదంటే, ఆగమని అడగండి, మా గైడ్ అడిగితేనే ఆగాడు. నా వరకు అయిదుకి నాలుగు, ఆ ఒక్కటీ వినపడనందుకు తగ్గించాను.