పనస చెట్టు నీడకు ఏది మేలు: హోస్టానా, సిలోన్ గోల్డా, పసుపా?

శ్రీకాకుళంలో మా పెరటి పనస చెట్టు కింద ఎప్పుడూ నీడే. ఆ మూల పసుపు కలిసిన లేతాకుపచ్చ ఆకులుంటే దీపం పెట్టినట్టు ఉంటుందని ఎన్నాళ్ళ నుంచో కోరిక. అందుకే హోస్టా అనే, నీడలో ఆకుల అందానికి పెంచే మొక్కలో 'సమ్ అండ్ సబ్‌స్టెన్స్' రకం తెప్పించాను. చల్లటి దేశాల్లో దాని ఆకు అడుగు పొడవు దాటుతుంది.

మా ఇంట్లో మొదటి ఏడాది నాలుగు ఆకులు వేసింది. రెండో ఏడు రెండే, అవీ చిన్నవి. మూడో ఏడు మొలకే లేదు. నత్తలు తిన్నాయేమో అనుకున్నాను, వాటికి హోస్టా ఆకంటే ప్రాణం కదా! అసలు లోటు చలి. జపాన్, కొరియా, చైనా వైపు పుట్టిన ఈ మొక్క చలికాలంలో ఆకులు వదిలేసి నిద్రపోతుంది. సుమారు ఆరు వారాలు 5 డిగ్రీల దరిదాపు చలి తగిలితేనే మళ్ళీ బలంగా చిగురిస్తుంది. మన తీరంలో సంక్రాంతి రోజుల్లో కూడా అంత చలి ఎక్కడిది? కొందరు మొదలును తవ్వి తీసి ఆరు వారాలు ఫ్రిజ్‌లో పెడతారు. ఒక్క మొక్కకైతే సరే, పెరడంతటికీ ఏటా ఆ పని ఎవరు చేయగలరు? దక్షిణ చైనా నుంచి వచ్చిన ప్లాంటాజీనియా అనే హోస్టా జాతి వేడికి కాస్త ఓర్చుకుంటుంది గానీ దానికీ ఎంతో కొంత చలి కావాలి.

ఆకుల అందానికి పెంచే ఫిలోడెండ్రాన్ మొక్కల్లో బంగారు రంగు రకమైన సిలోన్ గోల్డ్‌కు ఆ బాధ లేదు. పేరులో సిలోన్ ఉన్నా ఫిలోడెండ్రాన్ల పుట్టిల్లు అమెరికా ఖండాల వేడి అడవులు. ఏడాది పొడవునా ఆకు ఉంటుంది, వానల్లో కణుపు తుంచి గుచ్చితే బతుకుతుంది. మరీ చీకట్లో మాత్రం బంగారు రంగు పోయి ఆకుపచ్చగా మారుతుంది, పసుపు రంగు హోస్టాలదీ అదే తీరు. పొద్దుటి ఎండ కాస్త తగలాలి, మొదలు దగ్గర నీరు నిలవకూడదు. ఆకు నమిలితే నోరు మండుతుంది, చిన్నపిల్లలున్న ఇంట జాగ్రత్త.

ఆకారంలో హోస్టాకు దగ్గరగా వచ్చేది మన పసుపే. వెడల్పు ఆకులు, కొబ్బరి నీడలోనూ పెరుగుతుంది. ఇదీ నిద్రపోతుంది, కానీ చలి అడగదు, వానలు వెనకబడి నేల ఆరితే చాలు. రంగు మామూలు ఆకుపచ్చే, వేసవంతా ఆ చోటు ఖాళీ.

రంగు కావాలంటే నా మాట సిలోన్ గోల్డ్. ఈ తొలకరికి చెట్టు నీడ అంచున అదే నాటాను. ఖాళీ అయిన హోస్టా కుండీలో గత్తం కలిపి నాలుగు పసుపు కొమ్ములు పెట్టాను, మూడు మొలిచాయి.