బాంబెర్గ్ పొగ, బ్రస్సెల్స్ పులుపు

పీపాల్లో ఏళ్ల తరబడి నిలవ ఉంచిన పుల్లటి బీరులో సన్నగా పొగ వాసన తగులుతుంది. దాని సంగతి తేల్చుకోవాలనుకునేవాళ్లకు నా సలహా: ముందు పొగ బీరు కాచే జర్మనీలోని బాంబెర్గ్, ఆ తర్వాతే ఈ పుల్లటి బీరు కాచే బ్రస్సెల్స్. ముక్కు ముందు అసలు పొగకు అలవాటు పడాలి.

న్యూరెంబర్గ్ నుంచి బాంబెర్గ్‌కు రైల్లో గంట కూడా పట్టదు. పాత ఊరంతా నడిచే తిరగొచ్చు. ష్లెంకెర్లా అనే బీరు సత్రంలో బీరు నల్లగా ఉంటుంది, 5.1 శాతం ఆల్కహాల్. బార్లీ మాల్ట్‌ను, అంటే మొలకెత్తించిన బార్లీని, బీచ్ చెట్టు కట్టెల మంట మీద ఆరబెడతారు కాబట్టి మొదటి గుక్కలో పొగబెట్టిన మాంసమే గుర్తొస్తుంది. మొదటి గ్లాసుతో తీర్పు చెప్పొద్దని అక్కడివాళ్లు అంటారు, నిజమే. రెండో గ్లాసుకు పొగ వెనక్కి తగ్గి మాల్ట్ తీపి బయటపడింది. బల్లలు అందరూ పంచుకుంటారు. ఖాళీ ఉంటే అడిగి కూర్చోవచ్చు గానీ, రోజూ వచ్చేవాళ్ల కోసం అట్టే పెట్టిన బల్ల జోలికి మాత్రం వెళ్లకండి. రద్దీ ఎక్కువ, వడ్డించేవాళ్లు కబుర్లకు ఆగరు.

నాకు ఎక్కువ నచ్చింది నదికి ఇవతలి ఒడ్డున ఉన్న ష్పెత్సియల్ అనే బ్రూవరీ. 1536 నాటిది. మాల్ట్‌కు పొగ వీళ్లూ సొంతంగానే పెట్టుకుంటారు, కానీ బీరులో అది చాలా మెత్తగా తెలుస్తుంది. బసకు గదులూ ఉన్నాయి. తాగి మెట్లెక్కితే చాలు, స్టేషన్ కూడా దగ్గరే. బాంబెర్గ్‌లో బసకు ఇంతకంటే వెతకనక్కర్లేదు.

ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా బ్రస్సెల్స్ చేరాక లెక్క మారిపోతుంది. మిడి స్టేషన్ నుంచి కాస్త నడిస్తే కాంటియోన్ బ్రూవరీ. 1900లో పెట్టారు, ఇప్పుడది మ్యూజియం కూడా. ఆదివారం వెళ్తే తలుపు మూసే ఉంటుంది. అటక మీది వెడల్పాటి రాగి తొట్టిలో రాత్రంతా చల్లారే, మాల్ట్‌తో కాచిన ద్రవంలోకి గాలిలోని సూక్ష్మజీవులే వచ్చి చేరతాయి. ఈస్ట్ ఎవరూ వేయరు. అందుకే బీరు కాచేది చలి నెలల్లోనే. తర్వాత అది ఓక్ పీపాల్లోకి పోతుంది. ఇలా పులిసిన బీరే లాంబిక్. ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్‌లు కలిపితే గూజ్ అనే బీరు. సాలెగూళ్లను దులపరు, పురుగుల్ని సాలీళ్లే చూసుకుంటాయని.

ఇక్కడ మాల్ట్‌కు పొగ తగలదు. పీపాలో నెమ్మదిగా పనిచేసే బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్ 4-ఇథైల్ గ్వాయకోల్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. లవంగంతో కలిసిన పొగ వాసన దానిదే. కట్టె పొగలోనూ గ్వాయకోల్ ఉంటుంది, అంటే రెండూ దగ్గరి చుట్టాలే. బాంబెర్గ్ చూడకుండా వచ్చి ఉంటే ఆ పొగ నిమ్మలాంటి పులుపు చాటున నాకు దొరికేదే కాదు. చెర్రీలు వేసిన క్రీక్‌లో అయితే వెతికినా దొరకలేదు. కాబట్టి పొగ కోసం వచ్చినవాళ్లు గూజ్ అడగండి.

బస మాత్రం మిడి దగ్గర వద్దు. నేను దిగిన హోటల్లో రాత్రంతా వీధి చప్పుడే. నగరం నడిబొడ్డున గది తీసుకుని, బ్రూవరీకి పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నానికి జనం పెరుగుతారు. సీసాలు కొంటే విమానంలో చేతి సంచిలో రానివ్వకపోవచ్చు, చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య సర్దుకోవాలి.