పాత మాస్సీ 1035: లిఫ్టు గురించి ఒక కొత్త రైతు సమీక్ష

ఈ ట్రాక్టరు ఇంజను గురించి నేను కొత్తగా చెప్పగలిగింది ఏమీ లేదు. పెర్కిన్స్ నమూనాకు చెందిన ఆ మూడు సిలిండర్ల ఇంజను ఎంత డీజిలు తాగుతుందో, ఎంత బరువు లాగుతుందో, ఎన్నేళ్ళు మన్నుతుందో పల్లెల్లో తెలియనివారు లేరు. గేర్ల సంఖ్య, బండి బరువు, టైర్ల కొలతలు కూడా వదిలివేస్తున్నాను. ట్రాక్టరు నడపడం బొత్తిగా రానప్పుడు, వేరొకరు చాలాకాలం వాడిన మాస్సీ ఫెర్గూసన్ 1035ను కొని, ఆ తరువాత వానాకాలం, యాసంగి పనులన్నీ దానితోనే చేసుకుంటూ వచ్చినవాడిగా నేను రాయదలచుకున్నది సీటుకు కుడిపక్కన ఉండే రెండు లివర్ల గురించి. ఈ పాత యంత్రం మీద నాకున్న ఇష్టమంతా ఆ రెండింటిలో ఒకదాని వల్ల కలిగింది. నన్ను ఎక్కువగా ఖర్చుపెట్టించినది కూడా దానికి సంబంధించిన భాగమే.

మా ఊరు గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఉంది. జిల్లా కేంద్రం 200 కిలోమీటర్లకు పైగా దూరం. సాత్‌బారా అనే భూమి పత్రం మొదలుకొని బండి పత్రాల దాకా కాగితాలన్నీ మరాఠీలో ఉంటాయి కానీ, విడిభాగం కావాలన్నా, తెలిసిన మేస్త్రి కావాలన్నా వంతెన దాటి చెన్నూరు, మంచిర్యాల వైపు వెళ్ళడమే మాకు సులువు. పొలం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ సమీక్షలోని మంచిచెడ్డలు సగం నేలను బట్టి వచ్చినవే. నాకున్న కొద్దిపాటి భూమిలో పత్తి, మిర్చి వేసే నల్లరేగడి ఉంది, పల్లంలో వరి మడులు ఉన్నాయి, నదికి దగ్గరగా వరద తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుక కలిసిన చెలక ఉంది.

మా వైపు ఆ రెండు లివర్లనూ కలిపి లిఫ్టు అనే అంటారు. మొదటిది పొజిషను లివరు. దాన్ని ఎక్కడ నిలిపితే వెనుక పనిముట్టు ఆ ఎత్తులోనే ఆగుతుంది. కొత్తవాడికి వెంటనే అర్థమయ్యేది ఇదే. రెండవది డ్రాఫ్టు లివరు. ఇది పనిముట్టు ఎత్తును పట్టించుకోదు, పనిముట్టును మట్టి ఎంత బలంగా ఎదిరిస్తోందో దాన్ని మాత్రమే చూసుకుంటుంది. పల్టీ నాగలి నేలలోకి దిగినప్పుడు మట్టి దాని కింది భాగాన్ని వెనక్కి పట్టి ఆపుతుంది కాబట్టి పైభాగం ముందుకు ఒరుగుతుంది. ఆ ఒరుగుదల టాప్ లింకు, అంటే నాగలి పైభాగాన్ని ట్రాక్టరుకు కలిపే కడ్డీ ద్వారా సీటు వెనుకనున్న బలమైన స్ప్రింగును నొక్కుతుంది. స్ప్రింగు నొక్కుకున్న మేరకు లోపలి కడ్డీలు హైడ్రాలిక్ పంపు వాల్వును జరుపుతాయి. నేల గట్టిగా తగలగానే నాగలి రవ్వంత లేస్తుంది, ఎదురు తగ్గగానే మళ్ళీ దిగుతుంది. లేచిన ఆ క్షణంలో నాగలి బరువుతోపాటు దాని మీదున్న మట్టి ఒత్తిడి కూడా వెనుక చక్రాల మీదికి వస్తుంది కనుక, సరిగ్గా చక్రాలు జారవలసిన చోటనే వాటికి పట్టు పెరుగుతుంది.

చదివేటప్పుడు ఇది మామూలుగానే అనిపిస్తుంది. స్టీరింగు, క్లచ్చి, చాలు వంకర, గట్టు దగ్గర మలుపు అన్నీ ఒకేసారి చూసుకోలేక సతమతమయ్యే కొత్తవాడికి మాత్రం, ఎండాకాలంలో బిగిసిపోయిన రేగడిలో నాగలి లోతు సంగతి తన మీద లేదని తెలియడం ఎంత ఊరటో చెప్పలేను. మొదట్లో నా పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని నేర్పించిన కాకా ఒకరు, నేను ప్రతి గడ్డకూ లివరు మీద చెయ్యి వేయబోతే ఆపేవారు. "నువ్వు దాని జోలికి పోకు తమ్మీ, ముందు చూడు. నాగలి సంగతి అదే చూసుకుంటది" అనేవారు. ఇంజను గొంతు బరువెక్కుతుంది, వెనుక నాగలి అర అంగుళం కదిలినట్టు తెలుస్తుంది, గొంతు మళ్ళీ తేలికవుతుంది. అద్దెకు వచ్చిన కొత్త ట్రాక్టర్లు కూడా ఈ పని చేస్తాయి కానీ, డ్రైవర్లు చాలామంది లివర్లు రెండింటినీ ఒకే తీరుగా వాడేస్తారు. తమ బండిలో ఉన్న సౌకర్యం సంగతి తెలియకుండానే దాన్ని అమ్ముకున్నవారిని నేను చూశాను.

ఈ పద్ధతిని ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్ 1920ల నడుమ రూపొందించి పేటెంటు కోరాడు. 1939లో ఫోర్డు కంపెనీతో కలిసి తెచ్చిన 9ఎన్ ట్రాక్టరు, 1946లో ఇంగ్లండులో మొదలైన టీఈ20 దీన్ని లోకమంతటికీ చేర్చాయి. 1953లో ఆయన సంస్థ మాస్సీ హ్యారిస్‌తో కలిసింది, 1958 నుంచి మాస్సీ ఫెర్గూసన్ అనే పేరు నిలిచింది. చెన్నైలో 1960లో ఏర్పడిన టాఫే అనే ట్రాక్టర్ల కంపెనీ ఆ వరుసలోని బండ్లనే మన దేశంలో తయారు చేసింది. నా 1035లో గేర్లు, పంపు ఉండే వెనుక పెట్టె కప్పు తెరిచినప్పుడు మేస్త్రి చూపించిన అమరిక చాలావరకు ఆ పాత ఫెర్గూసన్ అమరికే. ఎన్నో దశాబ్దాల తరువాత కూడా దాన్ని మార్చవలసిన అవసరం రాలేదంటే మొదటి ఆలోచన ఎంత గట్టిదో తెలుస్తుంది.

అయితే కొన్ననాడే నాకు ఈ సుఖం అందలేదు. అమ్మినవారు లిఫ్టు కొంచెం మందకొడిగా ఉందని ముందే చెప్పి ధర తగ్గించారు. దున్నుతుంటే నాగలి ఒక్కసారిగా లోపలికి దిగిపోవడం, చక్రాలు జారడం మొదలయ్యాక ఉలిక్కిపడినట్టు పైకి లేవడం జరిగేది. చూసినవారందరూ పంపు మార్చాలన్నారు. చెన్నూరు వైపున్న ఒక ముసలి మేస్త్రి మాత్రం టాప్ లింకు తగిలించే చోటును చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపి, అక్కడ ఆట, అంటే వదులు ఖాళీ ఉందని చూపించారు. స్ప్రింగు దగ్గర ఆ ఖాళీ ఉన్నంతకాలం మట్టి ఎదురు మొదట ఖాళీని పూడ్చడానికే సరిపోతుంది, వాల్వుకు కబురు ఆలస్యంగా అందుతుంది. ఆయన ఆ బిగింపును సరిచేసి ఇచ్చారు, పంపును ముట్టుకోలేదు. పాత బండి కొనేవారు ఇంజను పొగ చూసే ముందు ఆ టాప్ లింకు తలను ఊపి చూడడం మంచిది.

కొత్తవారిని కలవరపెట్టే మరొక విషయం ఉంది. నా బండిలో హైడ్రాలిక్ పంపు పీటీఓ ఇరుసుతోనే, అంటే ఇంజను బలాన్ని వెనుక పనిముట్లకు అందించే ఇరుసుతోనే తిరుగుతుంది. పీటీఓ లివరు విడిచి ఉంటే లిఫ్టు లేవదు. క్లచ్చి పెడలు సగం తొక్కితే చక్రాలు మాత్రమే ఆగుతాయి, లిఫ్టు పనిచేస్తుంది; పూర్తిగా తొక్కితే రెండూ ఆగుతాయి. గట్టు దగ్గర క్లచ్చి అడుగంటా తొక్కి, నాగలి లేవడం లేదని కంగారుపడేవారు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలా తిరుగుడు తప్పుతుంది.

ఇక అసలు తిప్పలకు వస్తాను. ఒక వానాకాలంలో వరి కరిగెట (నాటుకు ముందు మడిని దమ్ము చేయడం) పనులు ముగిసే వేళకు లిఫ్టు మందగించింది. లేపి నిలిపిన కల్టివేటరు కొద్దికొద్దిగా దిగుతూ, మళ్ళీ లేస్తూ, ఆగకుండా తల ఊపసాగింది. వెనుక పెట్టెలో ఆయిలు మట్టం చూసే కడ్డీని, అంటే డిప్‌స్టిక్‌ను తీసి చూస్తే ఆయిలు మజ్జిగలా తెల్లగా ఉంది. ఇది నీళ్ళు కలిసిన గుర్తు. నీరు కలిసిన ఆయిలు పంపు పీల్చే జల్లెడను మూసివేస్తుంది, వాల్వులను బిగపడుతుంది, ఊరుకుంటే బేరింగులను తుప్పు పట్టిస్తుంది. దమ్ము చక్రాలు వేసుకుని బురదలో తిరిగిన బండి కాబట్టి, వెనుక పీటీఓ ఇరుసు సీలు గుండా మడి నీళ్ళు లోపలికి వెళ్ళాయని మేస్త్రి తేల్చారు. అప్పటికి అందులో అనుమానించవలసినది ఏమీ కనిపించలేదు, మా చుట్టుపక్కల జరిగేది ఎక్కువగా అదే. సీలు మార్చారు, జల్లెడ కడిగారు, దాదాపు 30 లీటర్ల కొత్త ఆయిలు పోశాము. ఈ బండిలో గేరుబాక్సు, డిఫరెన్షియలు, హైడ్రాలిక్ పంపు మూడింటికీ ఒకటే ఆయిలు. అందుకే ఎక్కడ నీరు చేరినా మొత్తం పారబోయవలసిందే.

పత్తి తీతలు సాగుతుండగా చూస్తే ఆయిలు మళ్ళీ తెల్లబడింది. ఈసారి ఇరుసు చివరి సీళ్ళన్నారు, అవీ మార్చారు, ఆయిలూ మార్చారు. కొన్న సీలు నాసిరకమైనదేమోనని ఒకరు, ఇరుసే అరిగిందేమోనని మరొకరు అన్నారు. పెట్టె మొత్తం విప్పి చూడాలనే మాట కూడా వచ్చింది. ఆ ఖర్చుకు వెనుకాడి, బండిని వేపచెట్టు కింద నిలిపి, పనులు లేని రోజుల్లో అప్పుడప్పుడు డిప్‌స్టిక్ మీద గుర్తు చూసి రాసుకుంటూ వచ్చాను. యాసంగి చివర అకాల వాన రాత్రంతా కురిసింది. పొద్దున చూస్తే గుర్తు పైకి జరిగి ఉంది. బురదలో కాలు పెట్టని, చోటు నుంచి కదలని బండిలోకి చక్రాల వైపు నుంచి నీళ్ళు వెళ్ళే దారి లేదు. వచ్చినవి పైనుంచే రావాలి.

పైనుంచి వచ్చే దారి గేరు రాడ్డు మొదట్లో ఉన్న రబ్బరు తొడుగు. పైకి అది నిండుగానే కనిపించింది. మడతను వేళ్ళతో విడదీస్తే లోపల చుట్టూ చీలి ఉంది. రాడ్డు మీద పడిన వాన జారి నేరుగా గేరుబాక్సులోకి, అక్కడి నుంచి వెనుక పెట్టెలోకి చేరుతోంది. రెండుసార్లు పోసిన ఆయిలు ధరతో పోల్చితే ఆ రబ్బరు ముక్క ధర లెక్కలోకి రాదు. అది మార్చి, పాత ఆయిలు తీసి, డీజిలు కలిపిన చౌక ఆయిలు పోసి కొద్దిసేపు తిప్పి, దాన్నీ వంపి, చివరికి మంచి ఆయిలు పోశాక లిఫ్టు తల ఊపడం ఆగింది. బండికి రేకుల పంచ కూడా వేయించాను. అప్పటి నుంచి కరిగెట రోజుల్లో బండి రాత్రంతా నిలిచి ఉన్నాక, పొద్దున ఇంజను తిప్పకముందే కింది బోల్టును కొద్దిగా వదులు చేసి చూస్తాను. నీళ్ళు బరువు కాబట్టి అడుగున చేరి ముందుగా అవే కారుతాయి. అయితే ఒకసారి చిలికి తెల్లబడిన ఆయిలు ఇలా తేరుకోదు, దాన్ని మార్చక తప్పదు.

డ్రాఫ్టు లివరును ఇంతగా మెచ్చుకున్నాను కదా, అది రేగడి దుక్కికి చెల్లే మాట. నది పక్కన చెలకలో అదే లివరు తంటా పెడుతుంది. ఇసుక పొర రాగానే ఎదురు తగ్గుతుంది కాబట్టి నాగలి ఎదురును వెతుక్కుంటూ లోతుకు దిగిపోతుంది; గట్టి ఒండ్రు రాగానే పైకి తేలుతుంది. లాగుడు సమంగా ఉంటుంది, చాలు లోతు మాత్రం చోటుకొక తీరుగా ఉంటుంది. అక్కడ నేను పొజిషను లివరుతోనే దున్నుతాను. కరిగెటలో కూడా అంతే, బురద ఎదిరించేది తక్కువ గనుక డ్రాఫ్టు లివరుకు పని లేదు. నిజానికి సంవత్సరం మొత్తం లెక్కవేస్తే దాని అవసరం పడే పని ఎండాకాలపు పల్టీ దుక్కి, మిర్చి తోటకు ముందు వేసే లోతు దుక్కి మాత్రమే.

తక్కిన నిర్వహణ పెద్ద చదువేమీ కాదు. ఎయిర్ క్లీనరు కింది గిన్నెలోని ఆయిలును దుమ్ము రోజుల్లో తరచుగా మార్చాలి. దమ్ము సమయంలో ముందు ఇరుసు గ్రీజును పూటపూటకూ చూడాలి. డీజిలు అయిపోయేదాకా నడిపితే పైపుల్లో చేరిన గాలి తీయడానికి సగం పూట పోతుంది. లేపిన పనిముట్టు కింద చెయ్యి పెట్టే ముందు దాన్ని నేలకు దించాలి. బరువు లాగే గొలుసును టాప్ లింకు దగ్గర ఎన్నడూ కట్టకూడదు, ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. పత్రాల విషయంలో, మొదటి 15 ఏళ్ళు దాటిన బండికి 5 ఏళ్ళకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరణ ఉంటుంది. తెలంగాణ నుంచి కొని ఎంహెచ్ 33కు (గడ్చిరోలి రిజిస్ట్రేషనుకు) మార్చుకునేవారు నిరభ్యంతర పత్రం చేతికి వచ్చాకే మిగిలిన సొమ్ము ఇవ్వడం మేలు.

కొనవచ్చునా అని అడిగేవారికి నేను సూటిగా అవునని చెప్పలేను. నా భూమి తక్కువ, బండి ఇంటి పనికే గానీ అద్దెకు తిప్పను, లిఫ్టు తెలిసిన మేస్త్రి వంతెన అవతల అందుబాటులో ఉన్నారు, ఒక పూట బండి ఆగినా నా ఇల్లు గడుస్తుంది. ఇవన్నీ ఉన్నాయి గనుకనే నాకు ఇది సరిపోయింది. పూర్తిగా వరి మీదే ఆధారపడి, ఊరంతటికీ దమ్ము చేసి సంపాదించాలనుకునే వారికి, ఒకే ఆయిలు మీద అన్నీ నడిచే ఇంత పాత బండిని నేను సూచించను. రేగడి ఎక్కువగా ఉండి, ఓపికగా నేర్చుకునే తీరిక ఉన్నవారు చూడవచ్చు. తిరిగే కత్తులతో మట్టినీ కట్టెనూ నలగగొట్టే రోటవేటరు పనికి మాత్రం నా బండి బలం చాలదు. మిర్చి కట్టె కొట్టించడానికి ఈసారి కూడా అద్దె ట్రాక్టరుకే చెప్పి ఉంచాను.