క్రానిక్లింగ్ అమెరికా: పాత పేపర్ల పిచ్చి ఉన్నోళ్ళకి పండగే

లాగిన్ లేదు, సబ్‌స్క్రిప్షన్ లేదు, ఓటీపీ గోల అసలే లేదు. అమెరికా జాతీయ గ్రంథాలయం లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ సైటు ఇది, 1756 నుంచి 1963 దాకా అమెరికాలో వచ్చిన పేపర్లు 2 కోట్ల పేజీలకి పైనే స్కాన్ చేసి ఊరికే చదువుకోమని పెట్టేశారు. మా ఆఫీసులో ఒకాయన ఇలాంటి పనికే ఇంకేదో సైటుకి నెలనెలా డాలర్లు కడుతున్నాడు, ఎందుకో మరి.

నేను బెంగళూరు మారతహళ్ళిలో కూర్చుని చదివేది అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని గ్రాహం కౌంటీ గురించి. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి, కాకపోతే ఇప్పుడక్కడ జనం 3 వేలు కూడా లేరు. అందులో నికోడెమస్ అని ఒక ఊరు, 1877లో కెంటకీ రాష్ట్రం నుంచి వచ్చిన నల్లజాతి వాళ్ళు కట్టుకున్నది, వాళ్ళలో చాలామంది 12 ఏళ్ళ ముందు దాకా బానిసలు. చుట్టూ అంతా గడ్డే, ఇల్లు కట్టడానికి కలప లేదు, దాంతో నేలలో గోతులు తవ్వి పైన కప్పేసుకుని వాటిల్లోనే ఉన్నారు. మరుసటేడు వచ్చిన విలియానా హిక్‌మన్ అనే ఆవిడ ఊరెక్కడ అని చూస్తే నేలలోంచి లేస్తున్న పొగ చూపించారంట, ఆవిడకి ఏడుపొచ్చేసింది. ఇది ఈ సైట్లోది కాదు, నేషనల్ పార్క్ సర్వీస్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ వాళ్ళ పేజీలో చదివా, 1996 నుంచి ఆ ఊరు వాళ్ళ చేతిలోనే నేషనల్ హిస్టారిక్ సైట్‌గా ఉంది.

సైట్లో అసలు మజా ఆ తర్వాతి కథలో. అంత చిన్న ఊరికి 1886లోనే వెస్ట్రన్ సైక్లోన్ అని సొంత పేపరు, మరుసటేడు ఎంటర్‌ప్రైజ్ అని ఇంకోటి! రైలు వస్తుందని ఊరంతా ఆశ, మిస్సోరీ పసిఫిక్ అనే రైల్వే కంపెనీ లైను కోసం 1887లో 16,000 డాలర్ల బాండ్లకి (అప్పు పత్రాలకి) ఓటు కూడా వేశారు. ఆ లైను రాలేదు, 1888లో యూనియన్ పసిఫిక్ అనే ఇంకో రైల్వే కంపెనీ వాళ్ళు నది అవతలి నుంచి పట్టాలు వేసుకుపోయారు, కొట్లోళ్ళు సామాన్లు సర్దుకుని అటే పోయారు, సైక్లోన్ పేపరు కూడా ఆ ఏడే ఆగిపోయింది. మాది గుంతకల్లు, జంక్షన్ పడకపోతే మా ఊరు ఏమయ్యేదో మాకు చెప్పక్కర్లేదు, అందుకేనేమో ఆ పేజీలు చదువుతుంటే ఆపబుద్ధి కాదు. తర్వాత ఏం జరగబోతుందో మనకి తెలుసు, పేపర్లో రాసేవాడికి తెలీదు. హిస్టరీ పుస్తకంలో ఈ ఫీల్ రాదు.

వాడేవాళ్ళకి ఒక మాట, సెర్చ్‌ని మరీ నమ్మొద్దు. పాత అచ్చుని మెషీన్ చదివి టెక్స్ట్ చేస్తుంది కాబట్టి మసక అక్షరం ఉంటే పేరు కాస్తా ఇంకోటైపోతుంది. కాన్సాస్ ఎంచుకుని, పేపర్ పేరు పట్టుకుని, సంచిక మొత్తం తెరిచి లోకల్ న్యూస్ కాలమ్ నుంచి చదవండి, యాడ్లు కూడా వదలొద్దు. ఫోన్లో మాత్రం వద్దు బాబోయ్, కళ్ళు పోతాయి, లాప్‌టాప్‌లో జూమ్ చేసుకోండి. నచ్చిన పేజీ పీడీఎఫ్ దింపుకోవచ్చు. నా రేటింగ్ 5కి 4.5, ఆ అర ఎందుకు తగ్గించానంటే రాత్రి రెండింటి దాకా నిద్ర లేదు మరి.