రైఫిల్లో గట్టిపడ్డ మసి: నానబెట్టడం మేలా, రుద్ది తీయడం మేలా?

2024 మార్చి 16న ఎన్నికల కోడ్ రాగానే, కావలిలో లైసెన్సు ఉన్న మాబోటివాళ్లం ఆయుధాలు స్టేషన్లో అప్పగించాం. నా .315 రైఫిల్‌ను సరిగా శుభ్రం చేయకుండానే ఇచ్చాను. తప్పు నాదే. జూన్ 4న ఫలితాలు వచ్చిన తర్వాత ఇంటికి తెచ్చుకున్నాను. వెనక మూతలా ఉండే బోల్టు తీసి, తూటా లేదని కంటితో, వేలితో రూఢి చేసుకున్నాను. వెనక తెల్లకాగితం పెట్టి, దాని మీద టార్చి వేసి ముందు నుంచి చూస్తే, తూటా కూర్చునే గది, అంటే ఛాంబర్, ముగిసి బ్యారెల్ మొదలయ్యే చోట నల్లని ఉంగరంలా మసి కట్టి ఉంది. అంతకుముందు కాల్చినప్పుడు ఖోకా, అంటే ఖాళీ తూటా డొప్ప, బయటికి రాకుండా మొరాయించింది ఎందుకో అప్పుడు అర్థమైంది.

నాతో పనిచేసిన తమ్ముడొకడు "మరిగే నీళ్లు పోయన్నా" అన్నాడు. పాతకాలపు తూటాల అడుగున నిప్పు రాజేసే క్యాపు మందు కాలాక బ్యారెల్లో ఉప్పు మిగిలేది, అది తుప్పు తెచ్చేది. ఆ ఉప్పు నీళ్లలో కరుగుతుంది, మసి కరగదు. కిరోసిన్ నిన్నటి మసికి సరిపోతుంది, ఏళ్ల తరబడి కాల్చగా రాయిలా మారినదానికి చాలదు.

ఇక మిగిలినవి రెండే. ఒకటి, రుద్దే పేస్టు. చిందీకి, అంటే గుడ్డముక్కకు, రాసి పది పన్నెండు సార్లు ఆడిస్తే నల్లటిదంతా వస్తుంది, త్వరగా వస్తుంది. అయితే ఆ గరుకు మసితో ఆగదు. ఇనుమునూ కొద్దికొద్దిగా తింటుంది. బ్యారెల్ లోపల తూటాను తిప్పే మెలిగాడుల అంచులు మొద్దుబారితే వాటిని తిరిగి పెట్టేవాడు లేడు. ఆ భయంతోనే నేను దాన్ని బ్యారెల్ మొత్తానికి వాడను.

రెండోది మసిని మెత్తబరిచే సాల్వెంటు, కంచు బ్రష్షు. కిటికీలు తెరిచి, తడి చిందీ ఒకటి తోసి, సీసా మీద రాసినంత సేపు వదలాలి. తర్వాత బ్రష్షును ఛాంబర్ వైపు నుంచి మూతి దాకా తిన్నగా తోయాలి. మధ్యలో వెనక్కి తిప్పితే తీగలు వంగిపోతాయి. మొదటి చిందీ కాటుకలా వచ్చింది, ఆరోది బూడిద రంగులో. మూడు పూటలు పట్టింది.

ఒక మాట. చిందీ మీద నీలి, ఆకుపచ్చ మరక కనిపిస్తే తూటా వదిలిన రాగి ఇంకా మిగిలిందని కంగారు పడకండి. కొన్ని సాల్వెంట్లు కంచు బ్రష్షునే కరిగించి ఆ రంగు తెస్తాయి. నైలాను బ్రష్షుతో చూస్తే నిజం తెలుస్తుంది. ఉక్కు బ్రష్షు మాత్రం దగ్గరికి రానివ్వను.

బ్యారెల్‌కు నా ఓటు నానబెట్టడానికే. ఛాంబర్ సంగతి వేరు. అది బ్యారెల్ కంటే వెడల్పు, దానికి లావుపాటి బ్రష్షును పొట్టి కడ్డీకి బిగించి చేత్తో తిప్పాలి. ఆ ఉంగరం నానబెట్టినా కదలకపోతేనే, అక్కడి వరకే, కొంచెం పేస్టు.

అన్నీ అయ్యాక బ్యారెల్లో పలుచగా నూనె పూశాను. మా సముద్రపు గాలికి అది తప్పదు. ఛాంబర్‌ను మాత్రం పొడి చిందీతో రెండుసార్లు తుడిచాను. అక్కడ నూనె ఉంటే కాల్చినప్పుడు ఖోకా గోడలను పట్టుకోదు, తోపుడంతా బోల్టు మీద పడుతుంది. మళ్లీ కాల్చే రోజున ముందుగా బ్యారెల్లోని నూనె కూడా తుడిచేస్తాను.