‘ద షైనింగ్’: ముందు నవలా, సినిమానా?

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ముగిసిందంటే చాలు, నాకు ఈ ప్రశ్న తప్పదు. “స్టీఫెన్ కింగ్ నవల కొన్నాను. ముందు చదవాలా, సినిమా చూడాలా?” మొన్న ఏలూరు రోడ్డులో ఒక డిగ్రీ విద్యార్థీ ఇదే అడిగాడు. అమెరికన్ రచయిత కింగ్ రాసిన ఆ భయానక నవల ‘ద షైనింగ్’ 1977లో వచ్చింది, దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ దాని మీద తీసిన సినిమా 1980లో. చలికాలమంతా మూసి ఉంచే కొండమీది హోటలుకు కాపలాగా వెళ్లిన కుటుంబం కథ చాలామందికి తెలిసిందే. ముగింపు చెప్పకుండా మాత్రం నా జవాబు చెప్పలేను.

భయపెట్టడంలో సినిమాదే పైచేయి. ఆ ఇంటి కొడుకు చిన్నారి డానీ మూడు చక్రాల సైకిలు తొక్కుతుంటే చెక్క నేల మీద గడగడమనే చక్రాలు తివాచీ మీదికి రాగానే మూగబోతాయి. ఆ నిశ్శబ్దంలోనే మన ఊపిరి ఆగుతుంది. నవలలో జంతువుల ఆకారంలో కత్తిరించిన పొదలు కదులుతాయి. వాటికన్నా కుబ్రిక్ పెట్టిన పొదల చిక్కుదారి ఎంతో నయం. భర్త రోజుల తరబడి టైపు చేసిన కాగితాలన్నిటా ఒకే వాక్యం ఉందని భార్య కనిపెట్టే ఘట్టమూ సినిమా సొంతమే.

అయినా నా ఓటు నవలకే. కారణం ఆ తండ్రి, జాక్. సినిమాలో ఆ పాత్ర వేసిన నటుడు జాక్ నికల్సన్ హోటలుకు వెళ్లే దారిలోనే సగం మతి తప్పినవాడిలా ఉంటాడు. ఇక అతను పోగొట్టుకోవడానికి మిగిలిందేమిటి? నవలలోని జాక్ తాగిన మైకంలో కొడుకు చెయ్యి విరిచినవాడు. తర్వాత తాగుడు మాని, ఆ తప్పును మోస్తూ, రోజూ తనతో తాను పెనుగులాడుతున్నవాడు. గేటు చప్పుడును బట్టే ఆ రాత్రి ఎలా గడుస్తుందో చెప్పగల పిల్లలు మన వీధుల్లోనూ ఉన్నారు. వాళ్లకు ఈ జాక్ పరాయివాడు కాడు. హోటలు బాయిలరులో ఒత్తిడిని రోజూ తగ్గించాలి, మరిచిపోతే పేలుతుంది. అతని కోపమూ అలాంటిదే. ఆ హోటలులోని దయ్యాలకు పూర్తిగా లొంగిపోయాక కూడా ఒక్క క్షణం తండ్రిగా తిరిగివచ్చి, పారిపొమ్మని, తన ప్రేమను గుర్తుంచుకొమ్మని కొడుకుతో అంటాడు. రోహిణి కార్తె ఎండల్లో ఆ పేజీ దాకా వచ్చి, పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చుండిపోయాను. సినిమాలో ఆ క్షణమే లేదు. అక్కడ జాక్ మంచులో గడ్డకట్టుకుపోతాడు.

కింగ్‌కు ఈ సినిమా నచ్చలేదు. 1997లో తానే రచన చేసిన మూడు భాగాల టీవీ సీరియల్ కూడా వచ్చింది. నవలను దాటి పోదు, గుర్తుండిపోనూ పోదు.

కాబట్టి ముందు నవల చదవండి. నేను సినిమా ముందు చూశాను. దాంతో పుస్తకంలో ప్రతి పేజీలోనూ నికల్సన్ ముఖమే అడ్డొచ్చింది, ఆ తండ్రి బాగుపడతాడన్న ఆశ మొదట్లోనే చచ్చిపోయింది. రెండోసారి చదివితే గాని అసలు జాక్ నాకు దొరకలేదు. ఆ తర్వాత సినిమా చూడండి, రాత్రిపూట, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని. తివాచీ మీద ఆగిపోయే ఆ చప్పుడు ఫోను స్పీకరులో తెలియదు.