బాత్ నగరపు రోమన్ స్నానశాలలు: ఊట ఒకటే, దేవతలు ఇద్దరు

క్రీ.శ. 43లో క్లాడియస్ చక్రవర్తి సేనలు బ్రిటన్‌పై దండెత్తిన తరువాత స్థానికుల సంస్కృతి ఏమైందో తెలుసుకోగోరేవారు ఇంగ్లండ్‌లోని బాత్ నగరానికి వెళ్లి అక్కడి రోమన్ స్నానశాలలను తప్పక చూడాలి. నేటికీ సుమారు 46 డిగ్రీల వేడితో ఉబికే ఊటకు అధిదేవతగా బ్రిటన్లు కొలిచిన సులిస్‌ను రోమన్లు తొలగించక, తమ జ్ఞానదేవత మినర్వాతో జోడించి, సులిస్ మినర్వా పేరిట గుడి కట్టారు. ఆ పేరులో స్థానిక దేవతే ముందుండటం గమనించదగినది. పూతపూసిన మినర్వా కంచు శిరస్సు ఎంత అందమైనదైనా, నా దృష్టిలో అసలు నిధి మాత్రం దొంగలను శిక్షించమని వేడుకుంటూ సామాన్యులు లాటిన్‌లో గీకి ఊటలో వేసిన సీసపు రేకులే. సుమారు 130 దొరికాయి. పోయిన దుస్తులకై మొరపెట్టుకున్నవారూ వారిలో ఉన్నారు; రేకులపై రోమన్ పేర్లతోపాటు స్థానిక బ్రిటన్ల కెల్టిక్ పేర్లూ కనిపిస్తాయి. ఆ ప్రాచీన కొలనులో స్నానానికి అనుమతి లేదు.